కడపలో మూడు రోజులు: గుడి, దర్గా, కారం దోశ, గండికోట

కడప జిల్లాకు వచ్చేవాళ్లు చాలామంది కడపను చూడకుండానే వెళ్లిపోతారు. బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో శుక్రవారం రాత్రి బయల్దేరతారు, శనివారం గండికోట అంచున ఫొటోలు దిగుతారు, ఆదివారం మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పడతారు. గండికోట గొప్పదే, ఎవరూ కాదనరు. కానీ మొదటి రోజు ఊరికి ఇచ్చి, ఆ తర్వాత కోటకు వెళ్లండని నేను గట్టిగా చెబుతాను. ఊళ్లో ఒక్క రోజు తిరిగినా చాలు, కోటలో గుడిగోపురమూ మసీదు మినార్లూ పక్కపక్కన కనిపించినప్పుడు అది పాత రాళ్ల సంగతిగా అనిపించదు. ఇప్పటికీ ఇక్కడి జనం బతుకుతున్న తీరే అదని అర్థమవుతుంది.

ఈ ప్లాను మూడు పగళ్లు, రెండు రాత్రులకు సరిపోతుంది. రెండు రోజులే ఉంటే చివర్లో చెప్పిన మూడో రోజు వదిలేయండి, మొదటి రోజు మాత్రం వదలకండి.

ముందుగా నెల చూసుకోండి

కడప ప్రయాణంలో హోటలు కన్నా, బండి కన్నా ముందు ఆలోచించాల్సింది ఎండ గురించి. మార్చిలోనే ఎండ ముదురుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. గండికోటలో చెట్టు నీడ తక్కువ, పైగా పొద్దు గూకాక కూడా బండలు వేడి కక్కుతూనే ఉంటాయి. డిసెంబరు, జనవరి నెలలు అన్నిటికన్నా మంచివి. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. అప్పుడు కొండలు పచ్చగా, పెన్న నిండుగా చాలా అందంగా ఉంటుంది. కానీ వాయుగుండం కబురు వింటే తేదీ మార్చుకోవడమే మేలు.

ఎండను లెక్కచేయకుండా రావాల్సిన సందర్భాలూ ఉన్నాయి. ఉగాది నాడు దేవుని కడప గుడి చూడటం, శ్రీరామనవమి ఉత్సవాల్లో ఒంటిమిట్ట కళ్యాణం చూడటం అలాంటివి. ఒంటిమిట్టలో సీతారాముల కళ్యాణం నవమి నాడు కాదు, పున్నమి దగ్గర రాత్రిపూట జరుగుతుంది. అందుకని ఆ ఏడాది తేదీ కనుక్కొని మరీ బయల్దేరండి.

ఏ నెలలో వచ్చినా ఒక నియమం పెట్టుకోండి. తిరగడం పొద్దున పదకొండు లోపల, సాయంత్రం నాలుగు తర్వాత. నడిమధ్యాహ్నం భోజనానికి, నిద్రకు. ఇక్కడివాళ్లు కూడా అలాగే ఉంటారు.

రావడం, దిగడం

ముంబై–చెన్నై రైలు మార్గంలో కడప పెద్ద స్టేషనే. హైదరాబాద్ వాళ్లకు కాచిగూడ నుంచి వచ్చే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ అన్నిటికన్నా సుఖం. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారుజామున కడపలో ఉంటారు. తిరుపతి నుంచి ఆర్టీసీ బస్సులకు కొదవ లేదు, మూడు గంటలు చాలు. బెంగళూరు నుంచి రాత్రి బస్సులున్నాయి. విమానాశ్రయం కూడా ఉంది గానీ సర్వీసులు మారిపోతుంటాయి, అప్పటికప్పుడు చూసుకోవాలి.

బస ఏడు రోడ్ల కూడలి దగ్గరో, బస్టాండు చుట్టుపక్కలో తీసుకోండి. తిండికి, నడకకు అదే అనుకూలం. మొదటి రోజుకు ఆటో చాలు. రెండో రోజు నుంచి కారు మాట్లాడుకోండి. డ్రైవరుతో కిలోమీటరు రేటు, రాత్రి బత్తా, గండికోటలో బస సంగతి ముందే తేల్చుకుంటే తర్వాత మాటామాటా రాదు.

మొదటి రోజు: ఊరు

పొద్దున్నే కారం దోశతో మొదలుపెట్టండి. దీనికి పెద్ద హోటలు వెతకొద్దు. ఇనుప పెనం, దాని ముందు నిలబడి ఎదురుచూసే నలుగురు మనుషులు కనిపిస్తే అదే మంచి చోటు. పిండి కాస్త మందంగా పోస్తాడు. అది సగం కాలగానే ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి కలిపి నూరిన ఎర్రకారాన్ని గరిటె వెనక వైపుతో అంచుల దాకా పులుముతాడు. దానిమీద పప్పుల పొడి చల్లుతాడు, ఆ పైన నెయ్యి. పొడి ఆ నెయ్యిని పీల్చుకుని కారంతో కలిసిపోయేదాకా ఆగి మడుస్తాడు. అడుగు కరకరలాడాలి, లోపల మెత్తగా ఉండాలి. కొన్నిచోట్ల ఉర్లగడ్డ కూర కూడా పెడతారు. కారం తట్టుకోలేనివాళ్లు "అన్నా, కారం తక్కువ, నెయ్యి ఎక్కువ" అని ముందే చెప్పాలి. పెనం మీద పులిమాక చెప్పి లాభం లేదు. పిల్లలకు సాదా దోశ, చట్నీ తీసుకోండి.

అక్కడి నుంచి దేవుని కడప. ఊరికి ఆనుకునే ఉంటుంది. లక్ష్మీవేంకటేశ్వరస్వామి గుడి, నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానానిది. అన్నమయ్య ఈ స్వామి మీద కీర్తనలు రాశాడు. తిరుమలకు పోయే యాత్రికులు ముందు ఇక్కడ దణ్ణం పెట్టుకొని కదలడం పాత ఆనవాయితీ. ఉగాది నాడు ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు, పూలు, బెల్లం, చింతపండు పట్టుకొని ఈ గుడికి వస్తాయి. బీబీ నాంచారమ్మను పెళ్లాడిన వేంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడని వాళ్ల నమ్మకం. ఆ రోజు రాగలిగితే తెల్లవారకముందే చేరుకోండి. అది చూసే వేడుకగా కాక, మనవాళ్ల ఇంటి పండుగగా భావించి వెళ్లండి. కొబ్బరికాయ కొడుతున్న ముసలమ్మ ముఖం మీదికి ఫోను పెట్టొద్దు. మాఘమాసంలో రథసప్తమికి తేరు తిరుగుతుంది, అది కూడా చూడదగ్గదే.

తర్వాత సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. పర్యాటకుల జాబితాల్లో దీన్ని చివర్న ఎక్కడో వేస్తారు, నాకు మాత్రం ఇది ఊళ్లో తప్పక చూడాల్సిన చోటు. 1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడపకు వచ్చిన బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, పండితులను జీతానికి పెట్టి, శిథిలమవుతున్న తాళపత్రాల నుంచి తెలుగు కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు. ఆయన సేకరించిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. కాలక్రమంలో బంగళా మొండిగోడలుగా మిగిలితే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో అదే స్థలంలో గ్రంథాలయం లేచింది. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం చూసుకుంటోంది. పనిదినాల్లో వెళ్లండి, తాళపత్రాలు చూడాలని ఉందని మర్యాదగా అడగండి.

భోజనం చేసి పడుకోండి. ఎండ చల్లబడ్డాక పెద్ద దర్గాకు వెళ్దాం.

అమీన్ పీర్ దర్గాను ఊళ్లో అందరూ పెద్ద దర్గా అనే అంటారు, ఆటోవాళ్లకూ అలాగే చెప్పండి. బీదరు నుంచి వచ్చిన సూఫీ గురువు పీరుల్లా హుస్సేనీతో మొదలైన పరంపర ఇది. గుడికి వెళ్లినవాళ్లే ఇక్కడికీ వస్తారు. నుదుట బొట్టుతో, చేతిలో పూలబుట్టతో వచ్చే ఆడవాళ్లను చూస్తారు. చంటిబిడ్డల్ని మొక్కుకు తెచ్చే రైతుల్ని చూస్తారు. ఏటా జరిగే ఉరుసుకు దేశం నలుమూలల నుంచి జనం వస్తారు, సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ కూడా వచ్చి వెళ్తుంటారు. ఉరుసు తేదీ చాంద్రమానం లెక్కన ఏటా మారుతుంటుంది కాబట్టి అడిగి తెలుసుకోండి. ఆ రోజుల్లో రూము దొరకడం చాలా కష్టం.

లోపలికి వెళ్లేటప్పుడు చెప్పులు బయట వదలాలి. మగవాళ్లు టోపీ గానీ చేతిరుమాలు గానీ, ఆడవాళ్లు కొంగు గానీ చున్నీ గానీ తలమీద కప్పుకోవాలి. ఎవరు ఎక్కడి దాకా వెళ్లొచ్చో అక్కడున్న పెద్దల్ని అడగండి, ఓపికగా చెబుతారు. మొక్కు లేకపోయినా కాసేపు కూర్చోవచ్చు, ఎవరూ లేపరు. మొక్కు పేరు చెప్పి పెద్ద మొత్తం ఇమ్మని ఎవరైనా పట్టుబడితే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకోండి. ఇది ఏ గుడి దగ్గరైనా, ఏ దర్గా దగ్గరైనా వర్తించే మాటే.

రాత్రికి ఊళ్లోనే నడవండి. వై.వి. స్ట్రీట్ చుట్టుపక్కల బట్టల కొట్లు, అత్తరు, గాజులు, మిఠాయిలు అన్నీ కలిసి ఉంటాయి. కొట్టువాడు ఒకరితో తెలుగులో, పక్కవాడితో ఉర్దూలో బేరమాడుతుంటాడు. రంజాన్ నెలలో వస్తే ఇఫ్తార్ తర్వాత వీధులు చూడాలి. హలీం, సమోసాలు, పళ్ల ముక్కలు, షర్బత్… అర్ధరాత్రి దాకా సందడే. మిగతా రోజుల్లో బిర్యానీ, పరోటా, కుష్కా దొరుకుతాయి. కుష్కా అంటే ముక్క లేని బిర్యానీ అన్నమే. పప్పుతో చేసే దాల్చా పోసుకుని తింటే బిర్యానీకి ఏమీ తీసిపోదు, ధర తక్కువ.

తిండి గురించి ఇంకొంచెం

సంగటి తినకుండా కడప వదలొద్దు. బియ్యం మెత్తగా ఉడికాక మధ్యలో రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, ఆవిరికి పిండి మగ్గాక కట్టెతో బలంగా గెలుకుతారు. ఉండలు కట్టకుండా గెలకడంలోనే పనితనమంతా. తడి చేత్తో ముద్ద చేసి వేడిగా వడ్డిస్తారు. కొత్తవాళ్లు దాన్ని అన్నంలా కలిపి నమలబోతారు, పళ్లకు అంటుకుంటుంది. చిన్న ముద్ద తుంచి, మధ్యలో బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి మింగేయాలి. నాటుకోడి పులుసుతో తింటే ఒక రుచి, చెనిక్కాయల ఊరిబిండితో, అంటే వేరుశనగ పచ్చడితో, తింటే ఇంకో రుచి. శాకాహారులు ఊరిబిండి, పప్పు, గోంగూరతో అడగండి. మధ్యాహ్నం మెస్సుల్లో, హైవే పక్క హోటళ్లలో తాజాగా దొరుకుతుంది. రాత్రి పొద్దుపోయాక అడిగితే గట్టిపడిన ముద్ద వస్తుంది, వద్దు.

ఇంకో రోజు టిఫినుకు ఉగ్గాని, మిరపకాయ బజ్జి. బొరుగుల్ని నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపుతో తిరగమోత పెట్టి, పుట్నాల పొడి కలిపితే ఉగ్గాని. బజ్జీని కొరుక్కుంటూ దాన్ని తినాలి. కడుపుకు తేలిక, కాబట్టి కోట ఎక్కే రోజుకు బాగా కుదురుతుంది.

పండగ పూట ఎవరైనా ఇంటికి భోజనానికి పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి. అలసంద వడలు, కోడికూర కలిపి పెట్టే ఇళ్లున్నాయి. ఆ జోడీ హోటళ్లలో అంత బాగా రాదు.

రెండో రోజు: గండికోట

కడప నుంచి జమ్మలమడుగు మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. జమ్మలమడుగు నుంచి కోట 15 కిలోమీటర్లే. బస్సులో వచ్చేవాళ్లు జమ్మలమడుగులో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. మధ్యాహ్నం రెండింటికి కడపలో బయల్దేరితే నాలుగింటికి కోటలో ఉంటారు, అదే సరైన వేళ. దారిలో ఎర్రగుంట్ల వైపు రోడ్డుకు రెండు పక్కలా నల్లటి నాపరాళ్లు పేర్చి కనిపిస్తాయి. ఎన్నో ఊళ్ల ఇళ్లలో నేలకు పరిచిన కడప బండలు ఇక్కడివే. నీళ్లు, బిస్కెట్లు, మందులు జమ్మలమడుగులోనే కొనుక్కోండి.

బస ముందే బుక్ చేసుకోండి. కోట దగ్గర పర్యాటక సంస్థవారి హరిత హోటలుంది, శని ఆదివారాల్లో వారాల ముందే నిండిపోతుంది. గుడారాలు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. డబ్బు కట్టే ముందు నాలుగు విషయాలు అడగండి: గుడారం లోయ అంచుకు ఎంత దూరం, మరుగుదొడ్డి ఉందా, రాత్రి కాపలా ఎవరు, వాన వస్తే ఎక్కడికి మారుస్తారు. అంచుకు దగ్గరగా గుడారం అని ఎవరైనా ఆశపెడితే ఒప్పుకోవద్దు. రాత్రి నిద్రమత్తులో లేచి నడిచే చోటు అది కాదు.

కోట పెమ్మసాని నాయకుల ఏలుబడిలో పేరు పొందింది. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఆ ఏడాదే ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చి కోట గురించి రాసి పెట్టాడు. లోపల ఇప్పటికీ ఊరుంది, మనుషులు కాపురముంటున్నారు. ఇది గుర్తుపెట్టుకొని నడవండి. ఎవరి వాకిలి ముందైనా ఫొటో తీయాలంటే "అక్కా, తీసుకోవచ్చా?" అని ఒక్క మాట అడిగితే చాలు.

సాయంత్రం ఈ వరసలో చూడండి. ముఖద్వారం దాటాక చార్మినారు అనే చిన్న బురుజు, జైలు. తర్వాత మాధవరాయస్వామి గుడి. గోపురం ఎర్రరాయి మీద ఏటవాలు వెలుగు పడే వేళ అక్కడ ఉండాలి, చెక్కడాలు అప్పుడే విడివిడిగా తేలతాయి. అక్కడి నుంచి జామియా మసీదు. ముందు మెట్లు, వరసగా కమాన్లు, రెండు మినార్లు. దాని పక్కనే ధాన్యాగారం, కత్తుల కోనేరు. రంగనాథస్వామి గుడి కూడా దగ్గరే. మసీదు మెట్ల మీద కూర్చుంటే గుడిగోపురం కనిపిస్తుంది. గుళ్లో ఇప్పుడు పూజ లేదు, మసీదులో నమాజు లేదు. ముందురోజు కడపలో రెండూ జరుగుతుండగా చూసి వచ్చారు కాబట్టి ఈ కట్టడాలు ఖాళీగా తోచవు.

లోయను మాత్రం పొద్దున చూడండి. సాయంత్రం వెలుగు పోయాక బండల మీద నుంచి వెనక్కి రావడం ప్రమాదం. తెల్లవారుజామున టార్చి పట్టుకొని మెల్లగా వెళ్లి, సూర్యుడు పైకి వచ్చేదాకా కూర్చోవచ్చు. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన చోటు అది. అడుగున నీళ్లు, రెండువైపులా పలకలు పలకలుగా పేర్చినట్టున్న ఎర్రరాయి నిలువు గోడలు. అంచున ఎక్కడా కంచె లేదు. ఒక్కో బండ ఇల్లంత ఉంటుంది, బండకూ బండకూ మధ్య సందులుంటాయి, కొన్ని రాళ్లు కదులుతాయి. అడుగు వేసే ముందు పాదంతో నొక్కి చూడండి, ఆ తర్వాతే బరువు వేయండి. మంచు తడి ఉంటే అక్కడే ఆగిపోండి. చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు కావాలి. పిల్లల చెయ్యి వదలకండి. సెల్ఫీ కోసం వెనక్కి నడవడం, మందు తాగి అంచుకు రావడం… ఈ రెండూ ప్రాణం తీసే పనులు. కోతులున్నాయి, తినే వస్తువు చేతిలో పట్టుకుని తిరగొద్దు. డ్రోను ఎగరేయాలంటే అనుమతి ఉండాలి.

సాహస క్రీడలు కావాలనుకునేవాళ్లకు రాళ్లెక్కడం, తాడుతో కిందికి దిగడం, కయాక్ నడపడం ఇక్కడ దొరుకుతాయి. నీటిమట్టం, గాలి, జనం బట్టి కొన్ని రోజులు ఆపేస్తారు, కాబట్టి ముందురోజే ఫోను చేసి కనుక్కోండి. నడిపేవాళ్లు ఎవరైనా సరే, హెల్మెట్ సరిగ్గా బిగుస్తోందా, తాడు వేరే రెండో ఆధారానికి కూడా కట్టారా, మీతో పాటు శిక్షకుడు ఉంటాడా అన్నది కళ్లారా చూడండి. కయాక్‌లో ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే. సొంతంగా లోయలోకి దిగి ఈత కొట్టొద్దు. పైనుంచి నిశ్చలంగా కనిపించే నీళ్ల లోతు ఎంతో తెలియదు, రిజర్వాయరు వల్ల మట్టం మారుతుంది కూడా.

మూడో రోజు: రెండు దారులు

ఇక్కడ మీ గుంపును బట్టి ఎంచుకోవాలి.

ఒంట్లో ఓపిక, సాహసం మీద మోజు ఉంటే గండికోట నుంచి బెలుం గుహలకు వెళ్లండి. ఇప్పుడు నంద్యాల జిల్లా, కొలిమిగుండ్ల మండలం. సున్నపురాయిని నీళ్లు తొలిచి చేసిన గుహలు, మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటరు చూడనిస్తారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు, 1980ల్లో జర్మన్ బృందం లోపలంతా కొలిచింది. అట్టడుగున పాతాళగంగ ఉంది, ప్రవేశం నుంచి 46 మీటర్ల లోతు. లోపల ఉక్క బాగా ఉంటుంది. కాటన్ బట్టలు, నీళ్ల సీసా తప్పనిసరి. ఆస్తమా ఉన్నవాళ్లు, ఇరుకు చోటంటే టెన్షన్ పడేవాళ్లు మొదటి మలుపు దగ్గరే నిజాయితీగా ఆగిపోవచ్చు. పైకప్పు వంగిన చోట తల జాగ్రత్త.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే కడపకు తిరిగి వచ్చి పెన్న వెంబడి తిరగండి. ఒంటిమిట్ట కోదండరామాలయం కడప నుంచి సుమారు 25 కిలోమీటర్లు. రాముడు, సీత, లక్ష్మణుడు ఒకే శిలలో ఉన్నారు, పక్కన హనుమంతుడు ఉండడు. టావెర్నియే మెచ్చుకున్న గుళ్లలో ఇదొకటి. అక్కడున్న ఇమాం బేగ్ బావి దగ్గర కూడా ఆగండి. గుడికి నీళ్ల కోసం ఒక ముస్లిం అధికారి తవ్వించింది అది. సిద్ధవటం కోట దారిలోనే, పెన్న ఒడ్డున. మట్లి రాజుల రాజధాని, అరగంటలో చూసేయొచ్చు. పుష్పగిరి గుడికి ఇంకో దిక్కున వెళ్లాలి, శిల్పం ఇష్టమున్నవాళ్లు మాత్రం వదలొద్దు. ఆ గుడి బయటి గోడల ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు.

అడవి నడక మీద ఆసక్తి ఉంటే సిద్ధవటం వైపున్న లంకమల అడవిలో నిత్యపూజకోన ఉంది. అటవీశాఖ అనుమతి, స్థానికుడి తోడు లేకుండా కాలు పెట్టొద్దు. ఇక కలివికోడి. అంతరించిపోయిందనుకున్న ఈ పక్షి 1986లో ఈ లంకమల పొదల్లోనే మళ్లీ దొరికింది. దాన్ని వెతుక్కుంటూ వెళ్లొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. రాత్రి తిరిగే బెరుకు పక్షి, మిగిలిన చోటు కొంచెమే. టార్చీలు, గోల ఆ కొంచెం చోటును కూడా దానికి లేకుండా చేస్తాయి.

తిరుగు ప్రయాణానికి ముందు

ఇంటికి తీసుకెళ్లడానికి పప్పుల పొడి, ఎర్రకారం, నిప్పట్లు కొనండి. ఎర్రకారంలో తడి ఉంటుంది, దూరం పోయేవాళ్లు పొడులే పట్టుకెళ్లడం మంచిది. తాంబూలం అలవాటున్న పెద్దవాళ్లకు చెన్నూరు తమలపాకులు, తడిగుడ్డలో చుట్టించుకోండి. బంగారం కొనే ఆలోచన ఉంటే జమ్మలమడుగు నుంచి వచ్చేటప్పుడే ప్రొద్దుటూరులో ఒక పూట ఆగాలి, కడపకు వచ్చేశాక మళ్లీ వెనక్కి వెళ్లడం వృథా. రైలు టికెట్టు మాత్రం వచ్చే ముందే రానూపోనూ రెండు వైపులా తీసుకోండి. ఆదివారం రాత్రి హైదరాబాద్ వైపు బెర్తు ఆఖరి నిమిషంలో దొరకదు.